రేవమ్మ వీపు

మలయాలో ఆ రబ్బరు ఎస్టేటు అంతా బురద నేల. గునపం ఎంత లోతుకు దింపినా రాయి తగలదు. తెలుక్ ఆన్సన్ పట్నానికి ఎగువన, పెరాక్ నది మలుపు తిరిగే చోట పడవల రేవు ఉంది. అక్కడ మాత్రం ఒక రాయి ఉండేది. నడుమెత్తు రాయి, వరదకు గట్టు కోసుకుపోయి కొత్తగా బయటపడింది, సగం ఇంకా బురదలో దిగబడి ఉండేది. ఆ చుట్టుపక్కల ఉన్న రాయి అదొక్కటే.

విశాఖపట్నం జిల్లా నుంచి కూలీలతో వచ్చిన మొదటి పడవ ఆ రేవులోనే ఆగింది. దిగిన ఆడవాళ్లు రాయిని చూశారు, దాని మీద గీతలు చూశారు. వాళ్ల ఊళ్లలోనూ రేవుల దగ్గర రాళ్లుంటాయి. వాటికి పేర్లుంటాయి, ఏడాదికోసారి పండగ ఉంటుంది. సముద్రం దాటి ప్రాణాలతో దిగినందుకు మొక్కు ఎక్కడో ఒకచోట చెల్లించాలి. రాయికి నూనె పూశారు. సముద్రం ఒడ్డున దొరికే గుల్లలు తెచ్చి కాల్చి సున్నం చేసి వేశారు. దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టారు. రేవమ్మ అని పేరు పెట్టారు. ఆ గీతలేమిటని ఎవరో అడిగితే, అమ్మోరి జడపాయలు అని ఒకామె చెప్పింది. ఇక ఎవరూ అడగలేదు.

ఆ చెప్పినామె కూతురే పాపాయి. పడవ దిగినప్పుడు తల్లి చంకలో ఉంది. పెద్దయ్యాక రబ్బరు చెట్లు గీసే పనిలో చేరింది. గంగయ్యను పెళ్లాడింది. తల్లి పోయాక రేవమ్మ పని ఆమె చేతికి వచ్చింది. మనవలు పుట్టినా ఆమె పేరు పాపాయిగానే ఉండిపోయింది.

పండగ పని ఎప్పుడూ ఒకే వరసలో జరిగేది. ముందు నూనె, ఆరాక సున్నం, సున్నం మీద పసుపు. కిందటేడు వేసింది గీకేయరు. అది అమ్మ ఒంటి మీద చర్మంతో సమానం. దాని మీదే కొత్త పూత వేస్తారు. ఏటేటా పూత మందమెక్కింది, గీతలు లోపలికి పోయాయి. చివరికి రాయికి గుండ్రటి ముఖం వచ్చింది. పిల్లలకు తెలిసిన రేవమ్మ ఆ ముఖమే.

తర్వాత మలయాలో ఎమర్జెన్సీ పెట్టారు. అడవిలో ఉండి తెల్లదొరలతో పోరాడే కమ్యూనిస్టులకు తిండి అందకూడదని కూలీల ఇళ్ల వరసలను, అంటే ఎస్టేటు లైన్లన్నిటినీ, ఒకచోట చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. ఒకటే గేటు పెట్టారు. పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లను అక్కడ నిలబెట్టి వెతికేవారు. బియ్యపు గింజ కూడా గేటు దాటకూడదు. రేవు కంచెకు బయట ఉండిపోయింది. మొదటి ఏడు పండగనాడు పాపాయి చెంగులో పసుపు ముడి ఉంటే కాపలావాడు విప్పించాడు.

"ఇది తినేదే గదా?" అన్నాడు.

"తినేది కాదు నాయినా, అమ్మోరికి రాసీది."

"కూరలో వేస్తారా, వెయ్యరా?"

కూరలో వెయ్యం అని అబద్ధమాడటానికి ఆమెకు మనసొప్పలేదు. పసుపు గేటు దగ్గరే ఉండిపోయింది. నూనె కూడా అంతే. ఆ ఏడు మొదలు రేవమ్మకు పూత లేదు. పనికి పోతూ వస్తూ పాపాయి ఆమెకు దండం మాత్రం పెట్టేది.

ఏళ్ల తరబడి వానలు కురిశాయి. మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చే ఏడు, పంతొమ్మిది వందల యాభై ఏడులో, ఒక పొద్దున పడవ నడిపే పాక్ ఇద్రుస్ ఆమెను కేకేశాడు. అతనిది ఏటి అవతల మలాయ్ పల్లె. రోజూ పడవ తాడు తెచ్చి ఆ రాయి పక్కన గుంజకే కడతాడు. ఇద్దరూ మాట్లాడుకునేది బజారు మలాయ్. పెద్దవాళ్లను పిలిచే 'పాక్', 'మాచిక్', మాట చివర చేర్చే 'లా' అందులోవే.

"మాచిక్, మీ అమ్మవారి చెవి రాలిపోయింది. ఇలా రా."

పాపాయి వెళ్లి చూసింది. ఒక మూల పూత పెచ్చు ఊడి కింద పడి ఉంది. ఊడిన చోట రాయి బయటపడింది. రాయి మీద అక్షరాలున్నాయి.

"ఇది అరబ్బీ" అన్నాడు ఇద్రుస్.

"ఏటి రాసున్నాది, పాక్? ఇక్కడ పడవ కట్టొద్దనా?"

ఇద్రుస్ నవ్వలేదు. వంగి వేలితో చూపిస్తూ చదివాడు. "'దేవా, మన్నించు' అని ఉంది. ఎవరిని మన్నించాలో ఆ పేరు మీ పసుపు కింద ఉంది."

పాపాయి ఊడిన అంచును తడిమి చూసింది. "పేరు మేం కప్పీసినాక ఎవుల్నని మన్నిస్తాడు లా, ఆ దేవుడు?" అంది.

ఊడిన పెచ్చును ఆమె చెంగులో మూట కట్టుకుంది. గేటు దగ్గర కాపలావాడు విప్పి చూసి, తినేది కాదని వదిలేశాడు.

ఇద్రుస్ కబురు పంపితే కౌలాలంపూర్ నుంచి రజాలి అనే మ్యూజియం ఉద్యోగి వచ్చాడు. మూల వరకు ఫోటో తీసుకున్నాడు. అక్షరాల వాటం చూస్తే వందల ఏళ్ల నాటి రాయిలా ఉందన్నాడు. ఆ సంగతి పేపర్లో పడింది. వారం తిరక్కుండానే అదే పేపర్లో ఇంకో ఉత్తరం వచ్చింది. సింగపూర్‌లో పాత శాసనాలు చదివే ఒక తెల్లాయన రాశాడు. అక్షరాల అంచులు మరీ పదునుగా ఉన్నాయి, ఇది నిన్నమొన్న చెక్కింది, మెర్దేకా ఏడాది కదా, ఎవరికి వారికి ఒక పాత గొప్ప కావాలి, రాయి దొరికిందన్న పడవవాణ్ణి అడిగితే ఉలి ఎక్కడుందో చెబుతాడు అని దాని సారాంశం.

ఇద్రుస్ ఆ రోజు నుంచి రేవులో మనుషుల్ని దించి వెంటనే పడవ తిప్పేసేవాడు. పల్లెలో ప్రార్థన ముందుండి నడిపించే మనిషి అతను.

రేవును వెడల్పు చెయ్యాలని ఎస్టేటువాళ్లకు అంతకుముందే ఆలోచన ఉంది. రాయి పాతదని తేలితే ఆ పని ఆగిపోతుంది. తెల్లాయన స్వయంగా వచ్చి చూస్తాడని తెలిశాక మేనేజరు దొర కంగాణి అప్పయ్యను పిలిచి ఒక మాట చెప్పాడు. అప్పయ్య కూలీల మీద పెద్ద, గంగయ్యకు చిన్నాన్న కొడుకు. అతను నేరుగా పాపాయి ఇంటికి వచ్చాడు. ఆమె కోడలు పూంగొడి అరుగు మీద వక్కలు కత్తిరిస్తోంది.

"ఒదినా, దొర మాటిచ్చినాడు" అన్నాడు. "రాయి పాతది కాదని తేలితే మనం కంచె లోపలికి తెచ్చీసుకోవచ్చునంట. పాతదని తేలిందా, కౌలాలంపూరు ఎల్లిపోద్ది. అద్దాల గదిలో పెడతారు. అక్కడ అమ్మోరికి పసుపెవులు రాస్తారు?"

"అయితే నన్నేటి సెయ్యమంతావు?"

"ఏటీ సెయ్యకు. నోరు మూసుకుని నిల్సో. నీకది కష్టమే, నాకు తెలుసు."

పూంగొడి నవ్వు ఆపుకుంది. ఆమె తమిళపిల్ల. ఈ ఇంట్లో తెలుగు నేర్చుకుంది ఎక్కువగా ఈ ఇద్దరి పోట్లాటలు వినే.

"ఆ మూల గీతలు పాతియ్యే" అంది పాపాయి. "పసుపు కింద ఇంకా ఉన్నాయి. మా అమ్మ నా ఏలట్టుకుని ఆ గీతల్లో నూనె రాయించీది. నాకు తెలుసు."

"నీకు తెలుసని ఆ సింగపూరు దొరకి తెలీదు గదా. తెలీకపోతేనే మనకి మంచిది."

"నాను మాటాడకపోతే పాక్ ఇద్రుసు దొంగైపోతాడు."

"ఆయన మనకేటవుతాడు?"

"జపానోడి కాలంలో గంగయ్యని సయాం అడవిలో రైలు పట్టాలెయ్యడానికి ఈడ్సుకుపోనాక, ఈ లైన్లో పిల్లలకి సేపలు తెచ్చిచ్చింది ఎవులు?"

"ఇచ్చినాడు. నానూ తిన్నాను. కాదన్నానా?" అప్పయ్య లేచి నిలబడ్డాడు. "సేపలకి బదులు సేపలిద్దాం ఒదినా. అమ్మోర్ని ఇచ్చీమంటే ఎలగ?"

పాపాయి కోడలి చేతిలోని అడకత్తెర అందుకుంది. గంగయ్య తిరిగి రాలేదు. అతను పోయాక ఆమె చెప్పుకున్నవన్నీ విన్నది ఆ రాయే.

తెల్లాయన లాంచీలో వచ్చి రేవులో దిగాడు. సన్నగా ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకున్నాడు. రజాలి పక్కన ఉన్నాడు. దొర, అప్పయ్య, లైను ఆడవాళ్లు రాయికి ఒక పక్కన నిలబడ్డారు. ఇద్రుస్ ఉతికిన చొక్కా, నల్లటోపీ వేసుకుని పడవ దగ్గరే ఆగిపోయాడు.

తెల్లాయన బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. భూతద్దం పెట్టి మూలను చాలాసేపు చూశాడు. లేచి ఇంగ్లీషులో మాట్లాడితే రజాలి మలాయ్‌లో చెప్పాడు. అంచులు అరగలేదు. ఏటి ఒడ్డున, ఈ వానల్లో, వందల ఏళ్లు ఉన్న అక్షరం ఇలా ఉండదు. తన అభిప్రాయం మార్చుకోవడానికి కారణం కనబడటం లేదు.

అందరూ ఇద్రుస్ వైపు చూశారు. అతను పడవ తాడు వంక చూస్తున్నాడు.

అప్పయ్య పాపాయి వంక చూశాడు. ఆమె ముందుకు వచ్చేసింది.

"బాబూ, ఆయనకి సెప్పండి" అని రజాలితో అంది. "ఆ మూల మొన్నటిదాకా మా సున్నం కిందున్నాది. అంతకుముందు గట్టు మట్టి కిందుండీదంట. ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. అందుకే అలగున్నాది. మిగతా గీతలు ఇంకా ఈ ముకం కిందున్నాయి. నా సిన్నప్పట్నుంచీ ఉన్నాయి."

రజాలి చెప్పాడు. తెల్లాయన ఆమెను చూశాడు, రాయి ముఖాన్ని చూశాడు. ఈసారి నెమ్మదిగా మాట్లాడాడు.

"ఈ పూత కింద అక్షరాలుంటే అవి పూత కంటే పాతవి. అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు అంటున్నాడు" అన్నాడు రజాలి. "కానీ ఇది మీ దేవత అని తెలుసు, తీయమని అడగను అంటున్నాడు."

"ఒదినా" అన్నాడు అప్పయ్య. తల అడ్డంగా ఊపాడు.

పడవ దగ్గర నుంచి ఇద్రుస్ మొదటిసారి నోరు విప్పాడు. "వద్దు మాచిక్. నన్నేమన్నా అనుకోనీ. నా కోసం ఆమె ముఖం తీయకు."

పాపాయి రాయి ముందు కూర్చుంది. చేతులు జోడించింది. "అమ్మా, నిన్ను తీస్తన్నాను. కోపమొస్తే నామీదే రా. ఈళ్లెవుల్నీ ముట్టుకోకు" అంది. తర్వాత నడుములోంచి చెట్లు గీసే కత్తి తీసింది.

రబ్బరు చెట్టు గీయడంలో కిటుకు ఒకటే. బెరడు తెగాలి, లోపలి మాను మీద గాటు పడకూడదు. పడితే చెట్టు పాడవుతుంది, కంగాణి చేత తిట్లు పడతాయి. పాపాయి ఊడిన మూల నుంచి మొదలుపెట్టింది. కత్తి కొన పూతకూ రాయికీ మధ్య పెట్టి, చెట్టు గీసినట్టే, వెంట్రుక మందం లోపలికి పోనిచ్చింది. మొదటి పండగనాడు రాయికి పూసిన నూనె అక్కడే ఉంది. సున్నం ఆ నూనె మీద పరుచుకుంది గానీ రాతిని కరవలేదు. కత్తి కదిలింది. పూంగొడి ముందుకొచ్చి అత్త చూపిన చోటల్లా గోటితో పట్టి ఉంచింది. లైను ఆడవాళ్లు పని గోనెలు పరిచారు. మగవాళ్లలో ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి అప్పయ్య తలపాగా విప్పి, దాన్ని ముఖం కింద పట్టి నిలబడ్డాడు.

"నిల్సో అన్నావు గదా, నువ్వే వచ్చినావేటి?" అంది పాపాయి తల ఎత్తకుండానే.

"అమ్మోరు కింద పడితే? గీయి, గీయి. మాటాడకు."

పూత ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఆడవాళ్లు చేతుల మీద పట్టుకుని గోనెల మీద బోర్లా పెట్టారు.

రాయి నిండా అక్షరాలున్నాయి. వరస మీద వరస. మూలలో ఉన్నవెంత పదునుగా ఉన్నాయో అవీ అంతే పదునుగా ఉన్నాయి.

రజాలి మాత్రం రాయిని చూడటం లేదు. గోనెల దగ్గర కూర్చుని పూత లోపలి వైపు చూస్తున్నాడు. అక్కడ అవే అక్షరాలు ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి, ఎడమవి కుడికి, కుడివి ఎడమకి. అతను తెచ్చుకున్న సంచిలోంచి కాగితం చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"శాసనాన్ని కాపీ చెయ్యాలంటే మేం తడి కాగితం వేసి అక్షరాల్లోకి దిగేలా కుంచెతో కొడతాం" అన్నాడు. "ఆరాక తీస్తే ఇలాగే వస్తుంది. మీవాళ్లు ఆ పని సున్నంతో చేశారు."

తెల్లాయన పూత అంచు మీద భూతద్దం పెట్టాడు. తెలుపు, పసుపు, తెలుపు, పసుపు, సన్న గీతల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైనుంచి కొంచెం లోపలికి ఒకచోట మాత్రం పసుపు లేదు, తెలుపు లేదు. బూడిద రంగు పట్టీ ఉంది. దాన్ని చూపించి ఏదో అడిగాడు. రజాలి తిప్పి చెప్పేలోపే పాపాయికి అర్థమైంది.

"అది జపానోడి కాలం" అంది. "గుల్లలు ఏరుకోడానికి సముద్రం ఒడ్డుకి పోనిచ్చీవోరు కాదు. పసుపు దొరికీది కాదు. ఏటి బురద రాసినాను, నా సేత్తోనే. గంగయ్య ఎల్లిపోయిన ఏడు."

ఆమె ఆ పట్టీ మీద బొటనవేలు పెట్టింది. దాని మీద ఉన్న పూతలు కొన్నే. దాని కింద ఉన్నవి చాలా. అన్నిటికంటే అడుగున అక్షరాలు ఉన్నాయి.

తెల్లాయన లేచాడు. బురద మోకాళ్లతోనే పడవ దగ్గరికి నడిచి వెళ్లి ఇద్రుస్‌కు చెయ్యి చాచాడు. "నేను రాసింది తప్పు. అదే పేపర్లో మళ్లీ రాస్తాను" అన్నాడు. ఇద్రుస్ ఆ చెయ్యి అందుకుని, తర్వాత తన చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు.

అప్పుడు ఇద్రుస్ వచ్చి రాయి ముందు కూర్చుని చదివాడు. తెల్లాయన ఒకటి రెండు చోట్ల అందించాడు.

"'దేవా, దీన్ని రాసిన మన్సూర్ కొడుకు సులైమాన్‌ను మన్నించు. దీన్ని చదివినవాణ్ణి మన్నించు. విని ఆమీన్ అన్నవాణ్ణి మన్నించు. మేం నీళ్ల కోసం ఇక్కడ ఆగాం.'" కింద సంవత్సరం ఉంది. లెక్క కడితే ఐదు వందల ఏళ్ల పైమాట.

"ఏ రాజు?" అని దొర అడిగాడు.

రాజు కాదు అన్నాడు రజాలి. రాజు చెక్కించిన రాయి రాజు చెప్పమన్నది చెబుతుంది. ఇతను పడవ మనిషి. ఈ బురదలో రాయి లేదు కాబట్టి పడవ అడుగున బరువుకు వేసుకున్న రాయే దింపి రాసి ఉంటాడు. ఎవరిని మెప్పించడానికీ రాయలేదు. అందుకే ఇతని మాట నమ్మొచ్చు. ఆ రోజుల్లో ఓడలు ఈ ఏట్లోకి వచ్చేవని ఇక మనకు తెలుసు.

పాపాయి ఇంకొకటి ఆలోచిస్తోంది. "అయితే ఆయనా మాలాగే పడవ దిగినాడన్నమాట" అంది.

రాయి మ్యూజియానికి వెళ్లాలి. ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. పూత కూడా కావాలని రజాలి అడిగాడు. అది కూడా సాక్ష్యమే అన్నాడు.

"రాయి మీది" అంది పాపాయి. "అది సులైమానుది. ఇది మాది. మేం రాసిందంతా ఇందులోనే ఉన్నాది. కావాలంటే ఊడిపోయిన సెవి నా దగ్గరున్నాది, పట్టుకెల్లు. దాని అంచునా అయే రంగులున్నాయి."

రజాలి ఒప్పుకున్నాడు. పూతకు లోపలా బయటా ఫోటోలు తీసుకున్నాడు. కాగితాల మీద రాసుకుంటుంటే పాపాయి పక్కన కూర్చుంది.

"మేమొచ్చిన సంగతి కూడా రాస్తారా, బాబూ?"

"రాస్తాను, అమ్మా. ఇక్కడికి వచ్చి బతికిన తెలుగువాళ్లు ఈ రాయిని కాపాడారు అని రాస్తాను."

"కాపాడలేదు లా. తెలీక కప్పీసినాం. అదే రాయండి. అబద్దం రాయొద్దు."

రజాలి రాసింది కొట్టేసి ఆమె చెప్పినట్టే రాశాడు.

రాయి ఇద్రుస్ పడవలోనే తెలుక్ ఆన్సన్ దాకా వెళ్లింది. రేవమ్మ కంచె లోపలికి వచ్చింది. గేటు దగ్గర గోనె విప్పమంటే అప్పయ్యే విప్పాడు. "సూడు నాయినా, బాగా సూడు. ఇందులో పసుపు శానా ఉన్నాది. లోపలికే తెస్తన్నాం గానీ బయటికి కాదు" అన్నాడు.

లైను చివర గుడి కట్టేటప్పుడు, పూతను గోడకు ఆనించి నిలబెడదామని అందరూ అన్నారు. పాపాయి వద్దంది. నడిమధ్యన చెక్క చట్రంలో నిలబెట్టించింది. చుట్టూ మనిషి తిరిగేంత జాగా వదిలించింది.

మెర్దేకా రోజున లైన్లో పండగ చేశారు. ఈసారి పసుపు గేటు దాటనక్కర్లేదు. పాపాయి ముఖానికి నూనె పూసి, సున్నం వేసి, పసుపు రాసింది. పర్మిట్ తీసుకుని ఇద్రుస్ కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర తటపటాయించాడు.

"నువ్వు ముందుకొచ్చి దండమెట్టక్కర్లేదు, పాక్" అన్నాడు అప్పయ్య. "నీ జాగా ఎనకాలున్నాది. రా."

ఇద్రుస్ వెనక్కి వెళ్లాడు. పూంగొడి తన అద్దం తెచ్చి ఆ వైపు పట్టుకుంది. అద్దంలో అక్షరాలు తిన్నగా వచ్చాయి. అతను పైకి చదివాడు. ఆమీన్ అన్న మాట దగ్గర ఆగాడు.

"విన్నవాళ్లు అనాలి" అన్నాడు.

"సదవలేను గానీ అనగలను" అంది పాపాయి. అంది కూడా. ఆమె వెనక పూంగొడి అంది. అప్పయ్య గొంతు సవరించుకుని అన్నాడు.

అందరూ వెళ్లాక ఒక ఆడమనిషి పసుపు గిన్నె పట్టుకుని అమ్మవారి వెనక్కి తిరిగింది. మిగిలింది అక్కడ రాద్దామనుకుంది. పాపాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కడ కాదు" అంది. "ముందేపు పసుపు ఎంతైనా రాయి. ఎనక సెయ్యెట్టకు. ఈసారి మనకి తెలుసు."